పఫిన్ పక్షుల దీవులు – యాత్రికుని ధర్మము

యాత్ర యనునది మన దేశమున పూర్వము విధినియమములతో కూడిన కార్యముగా నుండెడిది. కాశికి గాని రామేశ్వరమునకు గాని పోవువాడు ఏ తీర్థమున ఎట్లు దిగవలెనో, ఏది ముట్టవచ్చునో, ఏది ముట్టరాదో, తిరిగివచ్చిన పిమ్మట ఏమి చేయవలెనో పెద్దలు నిర్ణయించి యుంచిరి. ప్రకృతివిశేషములను చూడబోవు నేటి యాత్రికునికి అట్టి ధర్మశాస్త్రము ఇంకను స్థిరపడలేదు. విమానములును నౌకలును లోకమును దగ్గర చేసినవి. ఒకప్పుడు జాలరులు తప్ప అన్యులు చేరని దీవులకు నేడు వేసవి సెలవులలో సకుటుంబముగా పోయి రావచ్చును. ఇందువలన ఆ దీవులకును, వాటిని ఆశ్రయించియున్న ప్రాణికోటికిని కలుగుచున్నది మేలా, కీడా యను ప్రశ్న ఇప్పుడు పెక్కు దేశముల ప్రభుత్వములను, శాస్త్రజ్ఞులను వేధించుచున్నది.

ఇట్టి ప్రశ్నను ఊహామాత్రముగా చర్చించుటకంటె ఒక స్థలమును గైకొని పరిశీలించుట మేలు. అందులకు ఐస్‌లాండు దక్షిణతీరమునకు ఎదురుగా నున్న వెస్ట్‌మన్ దీవులకంటె తగినవి అరుదు. అచ్చట అగ్నిపర్వతము మనుష్యుల కన్నులయెదుటనే క్రొత్త దీవిని పుట్టించినది. పదేండ్లలోపున మఱియొక అగ్నిపర్వతము ఒక ఊరిలో మూడవ వంతును మ్రింగినది. ప్రపంచములోకెల్ల పెద్దదని పేరొందిన పఫిన్ పక్షుల స్థావరము అచ్చటనే కలదు. ఆ సమూహములో ఒక దీవి యాత్రికులను చేయిచాచి పిలుచుచున్నది; మఱియొకటి శాస్త్రజ్ఞులను తప్ప ఎవ్వరిని అడుగు పెట్టనీయదు. ఒకే కడలిలో, ఒకే ప్రభుత్వముక్రింద, ఒకే ప్రశ్నకు రెండు విధములైన సమాధానములు గోచరించుచున్నవి.

దీవులు – దీవులవారు

ఈ సమూహమున సుమారు 15 దీవులును, అనేకములైన చిన్న శిలలును కలవు. అన్నియు సముద్రగర్భమునందలి అగ్నిపర్వతములవలన పుట్టినవే. వానిలో హేమాయ్ యను దానియందు మాత్రమే జనులు నివసింతురు. దాని వైశాల్యము 13 చదరపు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. జనసంఖ్య 4,500 దరిదాపు. తక్కిన దీవులు కడలినుండి నిలువుగా లేచిన నల్లని కొండచరియలు. వాని నెత్తిన పచ్చగడ్డి, గడ్డినిండ పక్షులు. 2010 లో ప్రధానభూమిని లాండెయాహోప్న్ యనుచోట క్రొత్త రేవును కట్టినప్పటినుండి వాతావరణము అనుకూలించినచో 40 నిమిషములలో ఓడ హేమాయ్ చేరుచున్నది. ఇసుక మేటవేసి ఆ రేవు మూతపడిన దినములలో మాత్రము పూర్వపు దూరపు రేవునుండియే చుట్టు తిరిగి పోవలసివచ్చును.

దీవుల పేరులోనే ఒక దుఃఖగాథ కలదు. ఐస్‌లాండుకు నార్వేనుండి వలసవచ్చిన మొదటివారితో కొందఱు ఐరిష్ బానిసలుండిరి. పడమటినుండి వచ్చినవారగుటచే వారిని ‘పడమటి మనుష్యు’లనిరి. వారు తమ యజమానిని చంపి ఈ దీవులకు పాఱిపోయిరనియు, అతని బంధువు వెంటాడివచ్చి వారిని హతమార్చెననియు ఐస్‌లాండు ప్రాచీనగ్రంథములు చెప్పుచున్నవి. 1627 లో ఉత్తరాఫ్రికానుండి వచ్చిన సముద్రపు దొంగలు ఈ దీవిపై పడి 240 మందికి పైగా స్త్రీపురుషులను, బిడ్డలను చెఱపట్టి ఆల్జియర్స్ నగరమున అమ్మివేసిరి. వారిలో తిరిగి స్వదేశము చేరినవారు కొలదిమంది. అట్లు చేరిన గుద్రిదుర్ యను నామె తరువాత హాల్గ్రిముర్ పేతుర్సన్ యను మహాకవికి ఇల్లాలయ్యెను. ఆ కవి పేరనే నేడు రాజధానీనగరమైన రేక్యవిక్‌లోని పెద్ద ప్రార్థనాలయము నిలిచియున్నది.

ఇట్టి దేశమున బ్రతుకు సులభము కాదు. పైరుపంటలకు తావులేదు. చేపలును పక్షులునే ఆహారము. అందుచే ఈ దీవులవారు త్రాళ్లు పట్టుకొని కొండచరియలపై దిగి గ్రుడ్లు సేకరించుట, పొడవైన కఱ్ఱకు కట్టిన వలతో ఎగురుచున్న పఫిన్ పక్షులను పట్టుట తరతరములుగా నేర్చిరి. త్రాటిపై వ్రేలాడుచు చరియనుండి చరియకు ఊగుట నేటికిని అచ్చటి పిల్లలకు ఆట. పక్షివలన బ్రతికినవారే పక్షి మేలు కోరువారగుట వింతగా తోచవచ్చును. కాని రానున్న కథయంతయు ఆ వింతపైననే ఆధారపడియున్నది.

తలుపులు మూసిన దీవి

1963 నవంబరు 14 వ తేదీ ఉదయమున హేమాయ్‌కు నైరృతిదిశలో చేపలు పట్టుచున్న ఒక పడవలోని వారికి సముద్రమునుండి నల్లని పొగ లేచుట కన్పట్టెను. ఓడ యేదియో కాలిపోవుచున్నదని వారు భ్రమపడిరి. తీరా చూడగా కడలి అడుగున, సుమారు 130 మీటర్ల లోతున, అగ్నిపర్వతము పగిలినది. మఱునాటికే నీటిపై నేల పైకి వచ్చెను. 1967 జూన్ వరకు ప్రేలుడు సాగి, 2.7 చదరపు కిలోమీటర్ల దీవి ఏర్పడెను. పురాణములలోని అగ్నిరాక్షసుని పేరిట దానికి సుర్త్‌సే యని నామకరణము చేసిరి.

అప్పుడు ఐస్‌లాండు పాలకులు చేసిన పని మెచ్చదగినది. జీవమన్నది లేని నేలపైకి జీవము ఎట్లు వచ్చునో చూచుటకు ఇంతకు మించిన అవకాశము దొరకదని గ్రహించి, ప్రేలుడు ముగియకమునుపే, 1965 లో, ఆ దీవిని రక్షితప్రదేశముగా ప్రకటించిరి. శాస్త్రజ్ఞులు తప్ప అన్యులు దిగరాదు. దిగిన శాస్త్రజ్ఞుడును ఒక విత్తు తీసికొని పోరాదు, ఒక విత్తు విడిచి రారాదు. ఈ నియమము ఎంత సున్నితమైనదో తెలుపు కథ యొకటి ప్రసిద్ధమై యున్నది. ఒకప్పుడు ఆ లావాశిలల నడుమ టమాటా మొక్క మొలచియుండుట చూచి పరిశోధకులు విస్మయము నొందిరి. విచారింపగా అది గాలి తెచ్చినది కాదు, నీరు తెచ్చినది కాదు; అచ్చటికి వచ్చిన మనుష్యుడొకడు కాలకృత్యము తీర్చుకొనినచోట మొలచినదని తేలెను. వెంటనే దానిని పెఱికివేసిరి. మనుష్యుడు తాను తిన్న యన్నముతోనే ఒక దీవి చరిత్రను మార్చగలడని ఈ చిన్న మొక్క చెప్పుచున్నది.

మనుష్యుడు దూరముగా నుండగా ప్రకృతి తన పని తాను చేసికొనెను. 1965 లోనే సముద్రతీరపు మొక్క యొకటి మొలచెను. 1970 లో ఫుల్మార్, నల్ల గిల్లెమాట్ అను పక్షులు గూళ్లు పెట్టెను. అయినను చాలకాలము నేల బీడుగనే యుండెను. 1980 ల మధ్యభాగమున సముద్రపు గల్ పక్షులు గుంపుగా వచ్చి నివసింపసాగిన పిమ్మట మార్పు వేగవంతమయ్యెను. అవి కడలిలో చేపలను తిని, నేలపై రెట్ట వేసెను. ఆ యెరువుతో గడ్డి పెరిగెను. గడ్డివెంట పురుగులు, పురుగులవెంట ఇతరపక్షులు వచ్చెను. 2004 నాటికి 60 జాతుల మొక్కలును, 89 జాతుల పక్షులును అచ్చట నమోదయ్యెను. ఆ సంవత్సరముననే పఫిన్ పక్షి మొదటిసారి అచ్చట గూడు పెట్టెను. 2008 లో యునెస్కో సంస్థ ఈ దీవిని ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించినది.

ఇందులో ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పదగిన ముఖ్యాంశ మొకటి కలదు. సముద్రపక్షి దీవికి వచ్చు అతిథి మాత్రమే కాదు. దీవిని సాగుచేయు రైతు. కడలిలోని సారమును నేలకు మోసికొనివచ్చునది అదియే. కావున పక్షులు తగ్గిన దీవి కొంతకాలమునకు గడ్డి తగ్గిన దీవి యగును. అలల తాకిడికి సుర్త్‌సే ఇప్పటికే సగమునకు పైగా కరగిపోయినది. అయినను దాని గట్టి నడిమిభాగము చిరకాలము నిలుచునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

ఊరిలో వెలసిన అగ్ని

సుర్త్‌సే పుట్టినప్పుడు హేమాయ్ జనులు దూరమునుండి వేడుక చూచిరి. ఆ వేడుక తమ యింటికే వచ్చునని వారు తలపలేదు. 1973 జనవరి 23 వ తేదీ తెల్లవాఱుజామునకు ముందు, రెండు గంటలు కావచ్చు వేళకు, ఊరి అంచున నేల పగిలి నిప్పుతెర లేచెను. దైవికముగా ముందునాటి తుఫానువలన చేపలపడవలన్నియు రేవులోనే యుండెను. సుమారు 5,300 మంది జనులలో అధికభాగము కొన్ని గంటలలోనే ఆ పడవలపై ప్రధానభూమికి తరలిపోయిరి. ఆ పిమ్మట అయిదు నెలలకు పైగా బూడిదయు లావాయు ఊరిపై పడినవి. 400 ఇండ్లు నాశనమైనవి. విషవాయువువలన ఒక ప్రాణము మాత్రము పోయినది.

ఇండ్లకంటె పెద్ద భయము రేవును గూర్చి కలిగెను. లావా ప్రవాహము రేవు ముఖద్వారమువైపు నడచుచుండెను. అది మూసికొనిపోయినచో ఊరు తిరిగి బ్రతుకుటకు ఆధారము లేదు. అప్పుడు థోర్‌బ్యోర్న్ సిగుర్‌గేర్సన్ యను భౌతికశాస్త్రజ్ఞుడు సముద్రజలమును లావాపై చల్లి దానిని గడ్డకట్టించి నిలువరింపవచ్చునని ప్రోత్సహించెను. నవ్వినవారు నవ్విరి. కాని అమెరికానుండి గొప్ప పంపులు తెప్పించి, 60 లక్షల ఘనమీటర్లకు పైగా సముద్రజలమును ఆ నిప్పునదిపై చిమ్మిరి. లావా వేగము తగ్గెను, రేవు నిలిచెను. జూలై మొదట ప్రేలుడు శమించునప్పటికి దీవికి రెండు చదరపు కిలోమీటర్లకు పైగా క్రొత్త నేల చేరియుండెను; రేవుకు పూర్వముకంటె మంచి గాలిమఱుగు ఏర్పడియుండెను. జనులు తిరిగివచ్చి, బూడిదను ఎత్తిపోసి, కొన్ని సంవత్సరములపాటు ఆ లావా వేడిమితోనే ఇండ్లను వెచ్చజేసికొనిరి. బూడిదక్రింద నుండి త్రవ్వితీసిన ఒక ఇంటిచుట్టు నేడొక ప్రదర్శనశాల వెలసినది.

ఈ గాథ పాతబడలేదు. 2023 నవంబరు 10 న ఐస్‌లాండు నైరృతికొననున్న గ్రిండావిక్ అను మత్స్యకారుల పట్టణమును, సుమారు 3,800 మందిని, ఒక్క రాత్రిలో ఖాళీ చేయించిరి. 2024 జనవరి 14 న లావా ఆ పట్టణములోనికి వచ్చి మూడు ఇండ్లను దహించెను. మట్టికట్టలతో లావాను మరల్చుట, నీటితో చల్లార్చుట అను ఉపాయములు మరల ఉపయోగమునకు వచ్చినవి. హేమాయ్ నేర్పిన పాఠము అర్ధశతాబ్ది గడచినను వ్యర్థము కాలేదు. కనుల కగపడు ఆపద ఎంత ఘోరమైనను మనుష్యులు ఏకమై దానిని ఎదుర్కొందురనుటకు ఇది నిదర్శనము. కనుల కగపడని ఆపద వచ్చినప్పుడు వారేమి చేయగలరన్నది వేఱు ప్రశ్న. ఆ ఆపద పఫిన్ పక్షికి వచ్చినది.

పఫిన్ జీవితము

పఫిన్ చిన్న పక్షి; బరువు సుమారు అరకిలో. వీపు నలుపు, రొమ్ము తెలుపు, కాళ్లు నారింజవన్నె. వేసవిలో ముక్కు ఎఱుపు, పసుపు, నీలి చారలతో వెలుగును; అందుచే దానిని సముద్రపు చిలుక యనియు పిలుతురు. శీతకాలమంతయు నడిసముద్రమున గడపి, వసంతమున దీవులకు వచ్చును. గడ్డిక్రింద మట్టిలో మూర యెత్తు మొదలు గజము పొడవు వఱకు బొఱియ త్రవ్వి, అందు ఏడాదికి ఒకేయొక గ్రుడ్డు పెట్టును. తల్లియు తండ్రియు వంతులవారీగా ఆఱు వారములు పొదుగును. పిల్ల పుట్టిన పిమ్మట మఱి ఆఱు వారములు చేపలు తెచ్చి మేపును. పఫిన్ పిల్లలు కనుటకు అయిదేండ్ల ప్రాయము రావలెను. ఇరువది యేండ్లకు పైబడి జీవించుటయు కలదు. దీర్ఘాయువు, అల్పసంతానము గల ఇట్టి జాతికి ఒక చెడు సంవత్సరము పెద్ద నష్టము కాదు. కాని పది చెడు సంవత్సరములు వరుసగా వచ్చినచో ముసలివి మిగిలి, పడుచువి లేని సంసారమువలె నగును.

ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పిల్లలు రాత్రివేళ బొఱియనుండి వెలువడి సముద్రమునకు ఎగిరిపోవును. సముద్రముపై మెఱయు వెన్నెల వానికి త్రోవ చూపునందురు. ఊరి విద్యుద్దీపములు చూచి త్రోవ తప్పిన పిల్లలు వీధులలో పడును. అక్కడ వానికి పిల్లులు, మోటారుబండ్లు యమదూతలు. అప్పుడు హేమాయ్ బాలబాలికలకు రాత్రులు తిరుగుటకు పెద్దలు అనుమతి నిత్తురు. వారు అట్టపెట్టెలు చేతబట్టి, దీపముల క్రింద, బండ్ల క్రింద వెదకి పక్షిపిల్లలను పట్టి, ఇంటికి కొనిపోయి, తెల్లవాఱినపిమ్మట సముద్రతీరమునకు తెచ్చి గాలిలోనికి ఎగురవేయుదురు. తాతలు వేటాడిన పక్షిని మనుమలు కాపాడుట ఇట్లు ఊరి ఆచారమై యున్నది.

2003 నుండి ఈ ఆచారమునకు ఒక శాస్త్రీయమైన రూపము వచ్చినది. పిల్లలు తాము పట్టిన పక్షులను విడుచుటకు ముందు తెచ్చి చూపుదురు. వానిని లెక్కించి, తూచి వ్రాసికొందురు. పిల్ల బరువు ఆ సంవత్సరము సముద్రమున తిండి యెట్లున్నదో చెప్పును. జాలితో ఆరంభమైన పని జ్ఞానమునకు సాధనమగుట విద్యారంగమువారు విశేషముగా గమనింపదగిన విషయము.

తగ్గుచున్న పక్షులు – కారణములు

ఆ తూకములు శుభవార్తను చెప్పలేదు. 2005 ప్రాంతమున వెస్ట్‌మన్ దీవులచుట్టును సాండ్ ఈల్ అను సన్నని చిఱుచేప క్షీణించెను. పఫిన్ పిల్లకు అదియే పాలబువ్వ వంటిది. ఆ తరువాతి పెక్కు సంవత్సరములలో లక్షలకొలది బొఱియలనుండి బయటపడిన పిల్లల సంఖ్య స్వల్పము. ఐస్‌లాండు ఉత్తరతీరపు స్థావరముల పరిస్థితి ఇంతకంటె మెఱుగుగా నుండెను. లోకములోని పఫిన్ పక్షులలో సగమునకు మించి ఐస్‌లాండులోనే గూళ్లు పెట్టును. కావున ఇది ఒక దేశపు సమస్య కాదు. 2015 లో అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణ సంఘము పఫిన్‌ను ఆపదకు లోనగుచున్న జాతులలో చేర్చెను. ఐస్‌లాండు తన 2018 జాబితాలో దానిని మిక్కిలి తీవ్రమైన ప్రమాదములో నున్నదిగా చూపినది.

కారణమేమి? వేట యని కొందఱు వెంటనే చెప్పుదురు. వేటను హేమాయ్‌లో కొన్నేండ్లు పూర్తిగా ఆపివేసి, ఆపై కొలది దినములకే పరిమితము చేసిరి. అయినను చేపలు లేనిచో వేట మానినంతమాత్రమున పిల్లలు బ్రతుకవు. చేపలను మనుష్యులే పట్టివేసిరందమా, ఐస్‌లాండులో సాండ్ ఈల్ వేట చెప్పుకోదగినంతగా లేదు. మిగిలిన కారణము సముద్రపు వేడిమి. 1880 నుండి దీవులవారు వ్రాసియుంచిన వేట లెక్కలను సముద్రజలపు ఉష్ణోగ్రతలతో పోల్చి, ఎర్పుర్ స్నేర్ హాన్సెన్ ప్రభృతులు 2021 లో ఒక పరిశోధన ప్రకటించిరి. నీరు సుమారు 7 డిగ్రీల యొద్ద నున్న సంవత్సరములలో పఫిన్ సంతతి బాగుగ వృద్ధిపొందుననియు, దానికి ఒక్క డిగ్రీ హెచ్చినను తగ్గినను పిల్లల సంఖ్య సగమునకు పడిపోవుననియు అందు తేలినది. వేటగాని చిట్టా పుస్తకమే పక్షి రోగమును కనుగొనుటకు తోడ్పడుట గమనింపదగినది.

ఇచ్చట తొందరపాటు పనికిరాదు. ఉత్తర అట్లాంటిక్ సముద్రమున కొన్ని దశాబ్దములు వెచ్చదనము, కొన్ని దశాబ్దములు చల్లదనము స్వభావసిద్ధముగా వచ్చి పోవుచుండును. పఫిన్ పక్షులు పూర్వమును అట్టి చెడుకాలములను దాటి వచ్చినవి. కాని ఇప్పుడు ఆ సహజమైన ఆటుపోటునకు తోడు మనుష్యుడు బొగ్గును, నూనెను కాల్చి కలిగించిన వేడిమి చేరినది. ఆటు వచ్చినను నీరు పూర్వపు మట్టమునకు దిగునా యన్నదే శాస్త్రజ్ఞుల శంక.

మనుష్యుని చేతిలో నున్న పని లేకపోలేదు. ఉత్తరసముద్రమున చాలకాలముగా సాండ్ ఈల్ చేపలను పశువుల, పెంపుడు చేపల దాణాకొఱకు వేలకొలది టన్నులుగా పట్టుచుండిరి. పక్షులకొఱకై 2024 లో బ్రిటన్ తన ఇంగ్లండు జలములలోను, స్కాట్లండు జలములలోను ఈ వేటను నిషేధించెను. డెన్మార్కు జాలరుల పక్షమున ఐరోపా సమాఖ్య అభ్యంతరము తెలిపి వివాదమును మధ్యవర్తుల ముందు పెట్టెను. 2025 లో ఆ మధ్యవర్తులు స్కాట్లండు నిషేధమును సమర్థించిరి. ఇంగ్లండు విషయమున నిర్ణయము చేసిన తీరులో ఒక లోపమును చూపిరి. అయినను నిషేధమును ఎత్తివేయుడని ఆదేశింపలేదు. ఒక చిఱుచేప కొఱకు రాజ్యములు వ్యాజ్యమాడుట మన తరమువారికి నూతనము. పక్షికిని మనుష్యునకును నడుమ ఆస్తితగవు వచ్చినప్పుడు పక్షి పక్షమున వాదించువాడు కూడ కావలెనను భావము ఇందు మొదటిసారి బలముగా వినబడినది.

వచ్చువారి బాధ్యత

ఇక యాత్రికుని మాట. ఐస్‌లాండు జనసంఖ్య నాలుగు లక్షలకు లోపు. 2010 లో ఆ దేశమునకు వచ్చిన విదేశయాత్రికులు 5 లక్షలకు లోపు. 2018 నాటికి వారి సంఖ్య 23 లక్షలయ్యెను. ఈ రాకవలన హేమాయ్ వంటి ఊళ్లకు మేలు కలిగినది. చేపలే ఆధారముగా గల ఊరికి రెండవ జీవనోపాధి దొరకినది. పక్షిని చంపి అమ్ముటకంటె పక్షిని చూపి బ్రతుకుట లాభకరమని తెలిసినవానికి వేట మానుట సులభమగును. ప్రదర్శనశాలలు, పక్షిచికిత్సాలయము, పరిశోధన మున్నగువానికి యాత్రికుల ధనము తోడ్పడుచున్నది. యాత్రను కేవలము దోషముగా నిందించువారు ఈ మేలును మఱువరాదు.

కీడును కలదు. బొఱియలున్న గడ్డిపై త్రోవ విడిచి ఒక్క అడుగు వేసినచో పైకప్పు కూలి లోపలి గ్రుడ్డుగాని పిల్లగాని నశించును. ఫోటో కొఱకు దగ్గరగా నిలుచున్నంతసేపు చేపలు నోట కఱచుకొని వచ్చిన తల్లిపక్షి దిగజాలక ఆకాశమున చుట్టు తిరుగుచుండును. ఆ జాగు పిల్ల ఆకలిగా మాఱును. చరియలదగ్గర తలపైన యంత్రములు ఎగురవేసినచో గుంపంతయు బెదరి లేచును. 2022 లో పక్షుల ఫ్లూ వ్యాధి బ్రిటన్ తీరములందు గానెట్, స్కూవా పక్షులను విశేషముగా బలిగొన్నప్పుడు, ఇంగ్లండులోని ఫార్న్ దీవులలో యాత్రికులు దిగుటను నిలిపివేసి, 2024 లో గాని తిరిగి అనుమతింపలేదు.

వీనికి మందు కలదు. వేల్స్ తీరమున, పురాతనమైన అగ్నిశిలలతో ఏర్పడిన స్కోమర్ దీవికి దినమునకు 250 మందిని మాత్రమే దింపుదురు. గీచిన త్రోవలు విడువరాదు. అచ్చట పఫిన్ పక్షుల లెక్క ఇటీవలి సంవత్సరములలో 40 వేలు దాటినది. అన్నిచోట్లను పఫిన్ తగ్గుటలేదనియు, తిండి యున్నచోట కొంచెము జాగ్రత్త తీసికొన్నచో అది నిలదొక్కుకొనుననియు దీనివలన తెలియుచున్నది. దక్షిణమెరికాకు పడమటనున్న అగ్నిపర్వతదీవులగు గాలపాగోస్‌లో 2024 ఆగస్టు 1 నుండి విదేశయాత్రికుల ప్రవేశరుసుమును 100 డాలర్లనుండి 200 డాలర్లకు పెంచిరి. సంఖ్యను అరికట్టుట, త్రోవను నిర్దేశించుట, రుసుము వేయుట – ఈ మూడును సాధ్యమైనవే.

కాని నాలుగవ దోషమునకు ఈ నియమములు చాలవు. పఫిన్‌ను చూచుటకై సముద్రములు దాటి విమానమున వచ్చువాడు కాల్చిన నూనె పఫిన్ సముద్రమును వెచ్చజేయు వేడిమిలో ఒక పాలు. అతడు త్రోవ విడువకపోవచ్చు, గ్రుడ్డును త్రొక్కకపోవచ్చు. అయినను అతని యాత్ర భారము పక్షిపై పడుచునే యున్నది. హేమాయ్ జనులు లావాపై నీరు చిమ్మి రేవును కాపాడుకొనిరి. వెచ్చబడు సముద్రముపై చిమ్ముటకు నీరు ఎక్కడ దొరకును? బాలబాలికలు దీపముల క్రింద పడిన పిల్లలను ఏరి సముద్రమున విడువగలరు. ఆ సముద్రములో చేపలుండునట్లు చేయుట వారి అట్టపెట్టెల శక్తికి మించిన పని. అది రాజ్యములన్నియు కలసి చేయవలసినది. దీనిని మఱచి, పక్షిపిల్లల చిత్రములు చూచి మురిసి, జాలిపడితిమి కావున ఋణము తీరెనని తలచుట ఆత్మవంచన.

మన తీరమున

ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు. మన ఆంధ్రతీరమున జనవరి మొదలు వేసవివఱకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పుట్టిన పిల్లలు రాత్రివేళ సముద్రపు వెలుగునుబట్టి నీటివైపు ప్రాకవలెను. తీరమందలి దీపములు వానిని పఫిన్ పిల్లలను మోసగించినట్లే మోసగించి నేలవైపు ఈడ్చుచున్నవి. అటవీశాఖవారును, స్వచ్ఛందసేవకులును గ్రుడ్లను సేకరించి, పిల్లలను పొదిగించి కడలిలో విడుచుచున్నారు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో ఏటేట వచ్చు గూడబాతులను, కొంగలను ఊరివారు శుభసూచకములని యెంచి కాపాడుచున్నారు. తీరగ్రామముల పాఠశాలలు ఒక్కొక్క తాబేటి గూటిని, చెరువుగట్టు పాఠశాలలు ఒక్కొక్క పక్షులచెట్టును దత్తత చేసికొని, వచ్చిన తేదీలు, సంఖ్యలు ఏటేట పుస్తకమున వ్రాసియుంచినచో, నూఱేండ్ల పిమ్మట ఒక శాస్త్రజ్ఞునికి అవి హేమాయ్ వేటగాని చిట్టావలె అమూల్యములగును. ఇందులకు ధనము అక్కఱలేదు, ఓపిక కావలెను.

ముగింపుగా చెప్పవలసినది ఇంతయే. లోకములోని దీవులన్నిటిని సుర్త్‌సేవలె మూసివేయుట జరుగని పని. జరిగినను మంచిది కాదు. కంటితో చూడనిదానిపై మనుష్యునకు మమకారము పుట్టదు. అన్నిటిని సంతలవలె తెరచివేసినచో చూచుటకు ఏమియు మిగులదు. ఏ దీవి ఎంతవఱకు తెరువవలెనో శాస్త్రజ్ఞులును, ఆ నేలపై బ్రతుకు జనులును కలసి నిర్ణయింపవలెను. యాత్రికుడు దానికి లోబడవలెను. పోదగినవాడు అరుదుగా పోయి, ఎక్కువకాలము నిలిచి, ఊరివారి మాట విని, త్రోవ విడువక నడచి, ఇంటికి వచ్చిన పిమ్మట తన దీపమును, తన బండిని, తన ప్రభుత్వపు విధానమును గూర్చి ఆలోచింపవలెను. పోలేనివాడు చింతింపనక్కఱలేదు. అతని ఊరి చెరువులోను, అతని తీరపు ఇసుకలోను కాపాడవలసిన ప్రాణులు ఎన్నియో కలవు. ఆగస్టు మాసపు రాత్రి అట్టపెట్టె చేతబట్టి వీధిలో తిరుగు హేమాయ్ బాలుడు ఏ దూరదేశమునకును యాత్ర పోలేదు. తన వీధిలో పడిన పక్షిని ఎత్తుకొనెను, తూచెను, విడిచెను. మన పాఠశాలలు మన పిల్లలకు నేర్పదగిన విద్యలలో ఇదియు నొకటి.